మూడో పేరు దగ్గర ఆగే చెయ్యి

మాంసం ముక్కలకు ఉప్పు, మిరియాల పొడి, నిమ్మరసం పట్టించి మూత పెట్టాలి. ఉల్లిపాయలు చక్రాలుగా కోయాలి. బంగాళదుంపలు సగం ఉడకబెట్టి పక్కన ఉంచాలి. పెరట్లో కుర్చీలు తుడవాలి. కొత్త గ్యాస్ గ్రిల్ కమ్మీలకు నూనె రాయాలి. సిలిండర్ పైపు బిగింపు దగ్గర సబ్బునీళ్ళు పూసి, బుడగలు లేస్తున్నాయేమో చూడాలి. బావగారు వచ్చేలోగా అత్తయ్యను గదిలోంచి బయటికి తీసుకురావాలి.

చివరిది తప్ప అన్నీ అయ్యాయి.

పొద్దున టీ గ్లాసు పట్టుకుని పెరట్లోకి వెళ్ళిన అత్తగారు గోడ దగ్గర అడుగు ముందుకు పడక నిలబడిపోయారు. నిన్నటిదాకా మాంసం కాల్చే బొగ్గుల డ్రమ్ము ఉన్నచోట నల్లగా మాడిన నేల మాత్రమే మిగిలింది. దాని పక్కనే తళతళలాడుతూ గ్యాస్ గ్రిల్ నిలబడి ఉంది. ఆవిడ ఎవరినీ ఏమీ అడగలేదు. గ్లాసు గోడ మీద పెట్టి, గదిలోకి వెళ్ళి, మంచం అంచున కూర్చున్నారు. తలుపు వేసుకోలేదు. వేసుకుని ఉంటే కోపమని సరిపెట్టుకోవచ్చు. తెరిచి ఉన్న ఆ తలుపు దాటడానికే ఎవరికీ ధైర్యం చాలలేదు.

టీ గ్లాసు ఇంకా గోడ మీదే ఉంది. పైన తరక కట్టింది.

చిన్నకోడలు ఆ గ్లాసు వైపు చూడకుండా తిరుగుతోంది. గ్యాస్ గ్రిల్ కొందామన్నది తనే. పోయిన వారమంతా బొగ్గు మేలా, గ్యాసు మేలా అని ఇంట్లో నలిగిన వాదనలో చివరి మాట ఆమెదే అయింది. రక్తపరీక్షల ల్యాబులో పనిచేసే మనిషి. దేన్నయినా కాగితం మధ్య గీత గీసి, అటు మంచి, ఇటు చెడు రాసి, చూసుకుని చెప్పడం అలవాటు. బొగ్గయితే రాజుకునేసరికి సగం పూట గడిచిపోతుంది. చేతులకు మసి, చివర్లో బూడిద ఎత్తిపోయడం, గాలి తిరిగితే కళ్ళలోకి పొగ. గ్యాసయితే మీట తిప్పితే మంట, మళ్ళీ తిప్పితే లేదు. బొగ్గు వైపు రాయడానికి చివరికి ‘రుచి’ అన్న ఒక్క ముక్కే మిగిలింది.

పైగా మామగారు ఆమెను పక్కకు పిలిచి, "పొగ పడటం లేదమ్మా నాకు. నేను చెబితే పెద్దోడు నవ్వుతాడు. నువ్వు చెబితే వింటారు," అన్నారు.

పుట్టింట్లో కాలేజీ మెట్లెక్కిన మొదటి మనిషి ఆమె. పెద్దవాళ్ళు తన మాటకు విలువిస్తే ఆమెకు భోజనం చేసినంత నిండుగా ఉంటుంది. చెప్పింది. అందరూ విన్నారు.

డ్రమ్మును అక్కణ్ణించి తీసేస్తారని మాత్రం ఆమె అనుకోలేదు. ఆ పని నిన్న, అత్తగారు కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళిన సమయంలో, మామగారు ఒక్కరే చేశారు.

*

"ఏదీ, కొత్త పెళ్ళికూతుర్ని చూపించండి," అంటూ బావగారు పెరట్లోకి వచ్చారు. ఆయన అన్నది గ్రిల్‌ని. బీమా ఆఫీసులో మేనేజరు ఆయన. కొత్త వస్తువు కనబడితే చిన్నపిల్లాడైపోతారు. తోడికోడలు, పిల్లలు ముందు గదిలో ఫ్యాను కింద చేరారు. బావగారు మూత ఎత్తారు, దించారు, మళ్ళీ ఎత్తారు.

"చూశావా అమ్ములూ, మూతకి మీటరు కూడా ఉంది. ముక్క పట్టుకుని చూడక్కర్లేదు. ముల్లే చెబుతుంది."

అమ్ములంటే వదిన, ఈ ఇంటి ఆడపడుచు. రెండు వీధుల అవతల బట్టలు కుట్టే దుకాణం ఆమెది. మెడలో కొలతల టేపు తీయడం మర్చిపోయి అలాగే వచ్చేసింది.

"తినడానికి కూడా ఓ ముల్లు కొనిపెట్టుకో అన్నయ్యా, ఎప్పుడు ఆపాలో చెబుతుంది," అంది. "బొగ్గు మీద కాలితే ఆ వాసన వేరు. దీని మీద వండితే వంటింట్లో వండినట్టే. ఆమాత్రం దానికి పెరట్లోకి రావడమెందుకు?"

"ఆ వాసన కోసం నువ్వు ఏనాడైనా బొగ్గు ఊదావా? కళ్ళు ఎర్రజేసుకుని ఊదింది మేం. నువ్వు ప్లేటు పట్టుకుని దిగేదానివి."

"ప్లేటు పట్టుకోవడం పని కాదా? ఉప్పు మర్చిపోతే లోపలికి పరిగెత్తిందెవరు?"

"వీళ్ళు రాజుకోవడానికి బొగ్గూ అక్కర్లేదు, గ్యాసూ అక్కర్లేదు," అన్నాడు చంటి. చంటి చిన్నకోడలి భర్త. ఇంటికి చివరివాడు. పవర్ హౌస్‌లో షిఫ్టు డ్యూటీ చేసి వచ్చి, నిద్ర చాలని కళ్ళతో గుమ్మంలో కూర్చున్నాడు.

ముగ్గురూ నవ్వారు. ఆ నవ్వు స్టూలు మీద కూర్చున్న మామగారి దాకా వెళ్ళి అక్కడ ఆగిపోయింది. ఆయన చేతిలో గుడ్డ ఉంది. కొత్త గ్రిల్ కాలిని తుడుస్తున్నారు. దాని మీద తుడవడానికి ఏమీ లేదు.

"అయినా నాన్నకి పొగ పడకపోవడం ఏంటి?" అంది వదిన. "బతుకంతా డిపోలో బస్సుల పొగ మింగిన మనిషి. అప్పుడు లేని దగ్గు ఇప్పుడెక్కడిది?"

"వయసొచ్చాక అన్నీ పడవు," అన్నారు మామగారు.

"డ్రమ్ము ఏది నాన్నా?"

"ఉంది."

"ఎక్కడ?"

"ఉన్నచోట ఉంది."

వదిన ఇంకేదో అనబోయి, సిలిండర్ వైపు చూసి ఆగిపోయింది. సిలిండర్ కింద ఒక బల్లపరుపు రాయి ఉంది. పైన మసి పట్టి, ఒక మూల అరిగిపోయిన రాయి.

"ఇది ఇక్కడ ఎవరు పెట్టారు?"

"నేనే వదినా," అంది చిన్నకోడలు. "సిలిండర్ ఊగుతుంటే కిందకి తోశాను. డ్రమ్ము ఉన్నచోట ఊరికే పడి ఉంటేనూ."

వదిన వంగి రాయి అంచును వేలితో తాకింది. వెంటనే చెయ్యి వెనక్కి తీసుకుంది. "అమ్మ చూసిందా?"

"చూసే ఉంటారు."

వదిన అన్నయ్య వైపు చూసింది. బావగారు మీటరు వైపు చూశారు. చంటి తన చెప్పుల వైపు చూసుకున్నాడు. 

ఒక రాయిని చూసి వీళ్ళు ఇలా అయిపోవడం ఏమిటో చిన్నకోడలికి అంతుపట్టలేదు. ఆమె ఈ ఇంటికి వచ్చి ఇంకా ఏడాది తిరగలేదు. చలికాలంలో పెళ్ళయింది. పెరట్లో నిప్పు వెలిగిస్తున్న మొదటి ఆదివారం ఇదే.

*

"అత్తయ్యా, మంచినీళ్ళు."

"అక్కడ పెట్టమ్మా."

చిన్నకోడలు గ్లాసు కిటికీలో పెట్టి, వెళ్ళాలో ఉండాలో తెలియక నిలబడింది. అత్తగారు ఎడమచేతి బొటనవేలితో కుడి అరచేతిని రుద్దుకుంటున్నారు. అరచేతి మధ్యలో నున్నగా మెరిసే మచ్చ ఒకటి ఉంది. ఎప్పుడో పొయ్యి మీంచి వేడి గిన్నె పట్టుకుని ఉంటారని చిన్నకోడలు ఇన్నాళ్ళూ అనుకుంటూ వచ్చింది.

"పొద్దుటి నుంచి మీరు ఏమీ తినలేదు."

"ఆకలేస్తే అడుగుతాను. నా ఇంట్లో నాకు మొహమాటమేంటి."

"నా మీద కోపమొచ్చిందా?"

"నీ మీద ఎందుకొస్తుంది. తెలిసినంతలో మంచికే చెప్పావు."

ఆ మాటలో దెప్పిపొడుపు లేదు. ఉన్నా బాగుండునని చిన్నకోడలికి అనిపించింది.

అత్తగారే మళ్ళీ అడిగారు. "అది వేడెక్కిందీ లేనిదీ ఎలా తెలుస్తుంది?"

"మూత మీద మీటరుంటుంది అత్తయ్యా. ముల్లు ఎర్రగీత దగ్గరికి వస్తే ముక్కలు పెట్టేయడమే."

"చెయ్యి పెట్టి చూడక్కర్లేదు."

"అస్సలు అక్కర్లేదు." అనేటప్పుడు తన గొంతులో కాస్త గర్వం దొర్లిందని ఆమెకే తెలిసింది.

"అయితే ఇక నాతో పనిలేదు."

చిన్నకోడలికి అప్పుడు ఒక దారి దొరికినట్టయింది. ఇన్నేళ్ళూ పెరట్లో పెత్తనం చేసిన మనిషి, ఆ పెత్తనం పోయిందని బాధపడుతున్నారు, అంతే కదా అనుకుంది. మంచం పక్కన నేల మీద కూర్చుని, బుజ్జగిస్తున్నట్టు అంది. "ఆ ముల్లు చూసే పని మీదే అత్తయ్యా. మీరు వచ్చి చూసి, పెట్టండి అంటేనే పెడతాం. మీరు అనేదాకా బావగారి చేతికి ఒక్క ముక్క కూడా ఇవ్వను."

అత్తగారు ఆమె తల మీద చెయ్యి వేశారు. ఆ చెయ్యి చల్లగా ఉంది.

"పిచ్చిపిల్లవే. ముల్లుని చూసి నేనేమని పిలవను?"

*

వంటింట్లో వదిన ఉల్లిపాయలు కోస్తోంది. పొద్దున చిన్నకోడలు కోసిన చక్రాలు తనకు నచ్చక, అన్నీ మళ్ళీ సన్నగా కోస్తోంది. చిన్నకోడలు తలుపు దగ్గరగా వేసి, గొంతు తగ్గించి అడిగింది.

"చెయ్యి పెట్టి చూడటమంటే ఏంటి వదినా?"

"చంటిగాడు చెప్పలేదా?"

"లేదు."

"వాడేం చెబుతాడులే." వదిన మోచేత్తో కన్ను తుడుచుకుంది. ఉల్లిపాయ ఘాటే. "బొగ్గులు ఎర్రబడి, పైన తెల్లటి పొర కడతాయి చూడు. అప్పుడు అమ్మ వచ్చి, కమ్మీలకు జానెడు ఎత్తున అరచెయ్యి చాపుతుంది. చాపి, మా పేర్లు వరసగా పిలుస్తుంది. పెద్దోడు, అమ్ములు, అలా చంటి దాకా. చంటి అనేవరకూ చెయ్యి ఓర్చుకుంటే నిప్పు సరిగ్గా ఉన్నట్టు. నా పేరు దగ్గరే తీసేస్తే ఇంకా మంటెక్కువ, ఆగాలి. చంటి అయిపోయాక కూడా చెయ్యి హాయిగా ఉంటే ఇంకో గుప్పెడు బొగ్గులు వెయ్యాలి. డ్రమ్ము రాకముందు, ఇటుకల పొయ్యి మీద కాల్చుకునే రోజుల్లో, మేం పాలపళ్ళతో ఉన్నప్పటి నుంచీ మా ఇంటి మీటరు అదే."

"భలే ఉంది," అంది చిన్నకోడలు, నిజంగానే ముచ్చటపడి. "మూడు పేర్లే కదా, తొందరగా అయిపోదూ?"

కత్తి ఆగిపోయింది.

"నాలుగు పేర్లు," అంది వదిన.

చంటికి పైన ఒక అన్నయ్య పోయాడని చిన్నకోడలికి తెలుసు. పెళ్ళి మాటలప్పుడే చెప్పారు. పనిలో ప్రమాదం, అన్నారు. అంతకుమించి చెప్పలేదు. ఇంట్లో ఏ గోడ మీదా ఫోటో లేదు. ఒకసారి ఆమె కదిలిస్తే, "అమ్మ దగ్గర ఆ మాట తేకు," అని చంటి అటు తిరిగి పడుకున్నాడు. ఆమె తేలేదు.

"బొంగరం అనేవాళ్ళం వాణ్ణి," అంది వదిన. "కాలు నిలిచేది కాదు. అన్నం కంచం చేత్తో పట్టుకుని ఇల్లంతా తిరుగుతూ తినేవాడు. అమ్మ వెనకాల మంచినీళ్ళతో తిరిగేది. ఆ డ్రమ్ము కోసింది వాడే. డిపోలో చేరిన కొత్తలో పాత నూనె డ్రమ్ము ఒకటి అడిగి తెచ్చుకుని, నిలువునా చీల్చి, కాళ్ళు వెల్డింగ్ చేసి, తోపుడు బండి మీద పెట్టుకుని పాట పాడుకుంటూ తెచ్చాడు. తీరా చూస్తే ఒక కాలు పొట్టి. కొలవకుండా కోస్తావా, మెకానిక్ కొడుకువా నువ్వు అని నాన్న కసిరాడు. వీడు వీధిలోకి పోయి ఓ రాయి తెచ్చి, ఆ కాలి కింద పెట్టి, ఇప్పుడు కొలిచి చూడు నాన్నా అన్నాడు. ఆ రోజు నాన్న నవ్వినట్టు మళ్ళీ నేను చూడలేదు."

ఆ రాయిని సిలిండర్ కిందకి తోసిన తన చేతులకేసి చిన్నకోడలు చూసుకుంది. 

"వాడు పోయాక ఇంట్లో వాడి పేరు వినబడితే నాన్న లేచి వెళ్ళిపోయేవాడు. తిట్టేవాడు కాదు, అరిచేవాడు కాదు. కలిపిన ముద్ద కలిపినట్టే వదిలేసి లేచిపోయేవాడు. ఆయన అన్నం మానేస్తున్నాడని అమ్మ వాడి మాట మానేసింది. మేమూ మానేశాం. ఫోటో బీరువాలోకి పోయింది. ఒక్క నిప్పు దగ్గర మాత్రం అమ్మ మానలేదు. అక్కడ నాన్న లేచిపోలేడు కదా. పట్టకారు ఆయన చేతిలో ఉంటుంది, పక్కన మేమంతా ఉంటాం. ఈ ఇంట్లో వాడి పేరు వినబడేది అక్కడే."

పెరట్లోంచి బావగారు మూత ఎత్తి దించుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"మరి మీరెవరూ నాకు చెప్పలేదేం వదినా? కొనేముందు ఒక్కరైనా అనొచ్చు కదా."

"చెప్పాలంటే వాడి పేరెత్తాలి కదమ్మా," అంది వదిన.

*

మామగారు ఇంకా అదే స్టూలు మీద ఉన్నారు. బావగారు సాస్ కోసం లోపలికి వెళ్ళారు. చిన్నకోడలు వెళ్ళి ఎదురుగా నిలబడింది. ఏం అడగాలో తెలిసే వచ్చింది. ఎలా అడగాలో తెలియలేదు.

"మీకు పొగ పడటం లేదన్నారు మామయ్యా."

"అన్నాను."

"అది నిజమేనా?"

ఆయన చేతిలోని గుడ్డ ఆగలేదు. "ల్యాబులో ఊరందరి రక్తం చూస్తావు. నాదీ తీసి చూడు. నిజమో అబద్ధమో తేలిపోతుంది."

ఆమె నవ్వలేదు. అలాగే నిలబడింది. చివరికి ఆయన గుడ్డ మడిచి ఒళ్ళో పెట్టుకున్నారు.

"అమ్ములు చెప్పిందా?"

"చెప్పింది."

"ఆవిడ కుడిచెయ్యి చూశావా ఎప్పుడైనా?"

"చూశాను. వేడి గిన్నె అనుకున్నాను."

"గిన్నె పట్టుకుంటే మధ్యలో కాలదమ్మా, వేళ్ళు కాలతాయి." ఆయన తన అరచెయ్యి తెరిచి, మధ్యలో వేలు పెట్టి చూపించారు. "పెద్దోడు, అమ్ములు, ఈ రెండూ గబగబా అనేస్తుంది. వాడి దగ్గరికొచ్చేసరికి నిదానంగా పిలుస్తుంది. పిలిచి ఆగుతుంది. వాడు లోపల్నుంచి ఓయ్ అంటాడేమో అన్నట్టు ఆగుతుంది. కిందేమో నిప్పు. చంటి పేరు ఇక బయటికి రాదు. నేను పట్టి లాగితే తప్ప ఆ చెయ్యి రాదు. పిల్లలు చూస్తారని నవ్వేసి, వేడి బాగా ఉందర్రా, పెట్టేయండి అంటుంది. తర్వాత లోపల నేనే మందు రాస్తాను. రాస్తున్నంతసేపూ ఇద్దరం మాట్లాడుకోం."

గాలికి గ్రిల్ మూత మీద ఎండుటాకు ఒకటి రాలింది. ఆయన దాన్ని తీసి జేబులో వేసుకున్నారు.

"ఈ ఏడైనా ఆ చెయ్యి కాలకూడదనుకున్నాను. అంతే."

"అంతేనా మామయ్యా?"

అడిగిన తర్వాత, అడగకుండా ఉండాల్సిందనిపించింది. కానీ మాట దాటిపోయింది.

"అంతే కాదు," అన్నారాయన. "వాణ్ణి డిపోలో పెట్టించింది నేను. బస్సు కింద దూరేముందు జాకీ పక్కన కొయ్యదిమ్మ ఎగదోయాలి. జాకీ జారినా దిమ్మ ఆపుతుంది. కొత్తగా వచ్చిన ప్రతివాడికీ మొదటిరోజు నేనే చెప్పేవాణ్ణి. వాడికి చెప్పలేదు. నా కొడుకు కదా, నన్ను చూస్తూ పెరిగాడు కదా, వీడికి చెప్పేదేంటి అనుకున్నాను. టీ తాగడానికి వెళ్ళాను."

ఆయన గొంతు బొంగురుపోలేదు. బస్సు ఎందుకు స్టార్టవడం లేదో ఎవరికో వివరిస్తున్నట్టే ఉంది. అందుకే చిన్నకోడలు తలెత్తలేకపోయింది.

"ఆవిడ వాణ్ణి పిలిచినప్పుడల్లా నన్ను అడుగుతున్నట్టుంటుంది."

"అత్తయ్య ఎప్పుడైనా అడిగారా?"

"అడగదు." ఆయన గుడ్డ మళ్ళీ చేతిలోకి తీసుకున్నారు. "అడిగితే బాగుండు."

"డ్రమ్ము పారేశారా మామయ్యా?"

ఆయన జవాబు చెప్పేలోగా బావగారు సాస్ సీసాతో గుమ్మంలో కనిపించారు. "ఇక కడుపులో ఎలుకలు కూడా అలిసిపోయి పడుకున్నాయి. వెలిగిద్దామా, వద్దా?"

*

మీట తిప్పగానే కిందనుంచి నీలం మంట వరసగా పరుచుకుంది. అంత తొందరగా వెలుగుతుందని ఎవరూ అనుకోలేదు. బొగ్గు రాజుకునేలోపు ఈ ఇంట్లో సగం కబుర్లు అయిపోయేవి. ఇప్పుడు అందరూ కుర్చీల్లో కూర్చుని ముల్లు వైపు చూస్తున్నారు. పరీక్ష గదిలో గడియారం వైపు చూసినట్టుంది.

"పొగ లేదు," అన్నారు బావగారు, మెచ్చుకుంటున్నట్టు.

"వాసనా లేదు," అంది వదిన. ఈసారి వెక్కిరింపు లేదు.

ముల్లు ఎర్రగీత దగ్గరికి వచ్చింది. చంటి ముక్కల గిన్నె తెచ్చాడు. మామగారు పట్టకారు అందుకున్నారు.

అప్పుడు గుమ్మంలో అత్తగారు కనిపించారు.

జుట్టు దువ్వుకున్నారు. మొహం కడుక్కున్నారు. పొద్దుటి నుంచి గదిలో కూర్చున్న మనిషిలా లేరు, వంటింట్లోంచి ఏదో పనిమీద వస్తున్నట్టు నడిచి వచ్చారు. చిన్నకోడలు కుర్చీ ఖాళీ చేసింది. ఆవిడ కూర్చోలేదు. సిలిండర్ దగ్గర ఒక్కక్షణం ఆగి, కింద ఉన్న రాయిని చూసి, గ్రిల్ ముందుకు వచ్చి మూత ఎత్తారు. కుడి అరచెయ్యి నీలం మంట మీద చాపారు.

"అత్తయ్యా, అది—" అంటూ చిన్నకోడలు లేవబోయింది. వదిన ఆమె మోచెయ్యి పట్టుకుని ఆపింది.

"పెద్దోడు," అన్నారు అత్తగారు.

బావగారు సాస్ సీసా కింద పెట్టేశారు.

"అమ్ములు."

వదిన కళ్ళు మూసుకుంది.

మూడో పేరు రాలేదు. ఆవిడ తల తిప్పి భర్త వైపు చూశారు. పెదవులు బిగిసి ఉన్నాయి. ఈసారి నేను అనను, మీరనండి అన్నట్టు చూస్తున్నారు. చెయ్యి నిప్పు మీదే ఉంది. గ్యాసు సన్నగా బుసకొడుతోంది. బొగ్గు మంట అయితే కాసేపటికి మెత్తబడుతుంది. దీనికి అలసట లేదు.

మామగారు పట్టకారు దించారు. నోరు తెరుచుకుంది. నాలుగు జతల కళ్ళు ఆ నోటి వైపు చూస్తున్నాయి. మాట రాలేదు.

ఆయన వంగి మీట తిప్పేశారు.

మంట టప్పున ఆరిపోయింది. బొగ్గును ఎవరూ అలా ఆర్పలేరు. ఆవిడ చెయ్యి, ఏమీ లేనిదాని మీద, ఇంకా అలాగే చాపి ఉంది.

"ఆర్పేశారు," అన్నారు అత్తగారు.

"చెయ్యి కాలుతోంది."

"నేను చెప్పానా కాలుతోందని?"

"నా వల్ల కాదు," అన్నారు మామగారు. తన పిల్లలందరూ వినేలా, మొదటిసారి. "వాడి పేరు నా నోట రాదు. నేను అంటే వాడు అడుగుతాడు, దిమ్మ పెట్టమని ఎందుకు చెప్పలేదు నాన్నా అని."

పట్టకారు గ్రిల్ మీద పెట్టి, చెప్పులు వేసుకుని, గేటు తీసి వెళ్ళిపోయారు. చంటి వెనకాలే లేచాడు. "వెళ్ళనీరా," అన్నారు అత్తగారు. చంటి గేటు దాకా వెళ్ళి, కమ్మీ పట్టుకుని అక్కడే నిలబడిపోయాడు.

ముక్కల గిన్నె మీద ఈగలు చేరుతున్నాయి. వదిన మూత పెట్టింది.  చిన్నకోడలు గిన్నెలో చల్లటి నీళ్ళు తెచ్చి, అత్తగారి చెయ్యి అందులో ముంచి పట్టుకుంది. ఆవిడ కాదనలేదు. క్షమించమని అడగాలని ఉంది. ఏమని అడగాలి? కాగితం మధ్య గీత గీసి రాసిన రోజున అటూ ఇటూ ఎక్కడా ఈ చెయ్యి లేదు.

"నువ్వు వాణ్ణి చూడలేదు కదూ," అన్నారు అత్తగారు.

"లేదు అత్తయ్యా."

"నీ పెళ్ళికి ఉండి ఉంటే ఊరుకునేవాడు కాదు. దండలు మార్చుకునేటప్పుడు చంటిగాణ్ణి ఎత్తి పైకి లేపేసేవాడు, నీకు అందకుండా." ఆవిడ నీళ్ళలో వేళ్ళు కదిపారు. "నిలకడ లేదు వాడికి. నిద్రలో కూడా కాళ్ళు కదిలిస్తూనే ఉండేవాడు. పక్కలో పడుకోవాలంటే అమ్ములు ఏడ్చేది."

"తన్నేవాడు," అంది వదిన. మెడలోని టేపు వేలికి చుట్టుకుంది. "ఇప్పటికీ నేను గోడవైపే పడుకుంటా."

"నా సైకిలు బెల్లు ఊడదీసి అమ్ములు సైకిలుకి బిగించాడు," అన్నారు బావగారు. "అడిగితే, రెండు బెల్లులుంటే లారీవాడు కూడా తప్పుకుంటాడు అన్నాడు."

ఆ మాట తర్వాత ఆయన నవ్వబోయి, రెండు చేతుల్లో మొహం దాచుకున్నారు.

పెరట్లో ఆ పేరు ఇంకా ఎవరూ అనలేదు. దాని చుట్టూ తిరుగుతున్నారు, అంతే. గేటు దగ్గర చంటి ఇటు తిరగలేదు గానీ, భుజాలు కదులుతున్నాయి.

అప్పుడే వీధి మలుపు అవతల ఏదో ఇనుము రోడ్డు మీద ఈడుస్తున్న చప్పుడు వినిపించింది. ఆగుతూ, మళ్ళీ మొదలవుతూ, ఒక్క మనిషి తన వయసుకు మించిన బరువు లాగుతున్నట్టు. అది డ్రమ్మే కావచ్చు. చెత్తబండి కూడా కావచ్చు. అత్తగారు తలెత్తి విన్నారు. తడిచెయ్యి నీళ్ళలోంచి తీసి, వంగి, సిలిండర్ కింద ఉన్న రాయి మీద ఆనించారు.

"దీన్ని తీసి పెట్టమ్మా," అన్నారు చిన్నకోడలితో. "అవసరమైతే ఉంటుంది."

వచ్చేది ఏదైనా కానివ్వండి. మీ పెరట్లో బొగ్గు పెట్టుకుంటారో, గ్యాసు పెట్టుకుంటారో మీ ఇష్టం. కానీ ఇది చదివినవారు, ఎప్పుడైనా నిప్పు మీదకు చెయ్యి చాపి వేడి చూసుకున్నప్పుడు, కొలవకుండా డ్రమ్ముకి కాలు కోసి, దాని కింద రాయి పెట్టి నాన్నను నవ్వించిన ఒకడిని గుర్తు చేసుకోండి. ఈ ఇంట్లో వాళ్ళకు ఇంకా నోరు రావడం లేదు. వాళ్ళకు వచ్చేదాకా, వాణ్ణి బొంగరం అని పిలిచేవారని మీరైనా గుర్తుంచుకోండి.